గాలి తగ్గిన నాలుగో రోజు: తుఫాను బాధితులకు మామూలు మనుషులు చేయగలిగిన పని

(తుఫానుల కాలానికి ముందు, సాయానికి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఒడిశాలోని బరంపురంలో జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు నుంచి రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇటు పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకి వినపడకపోతే చెయ్యెత్తండి, మళ్లీ చెప్తాను.

దసరా దగ్గర పడిందంటే మన వైపు వాళ్లందరికీ ఒక కన్ను ఆకాశం మీదే ఉంటుంది. ఉండదా మరి? 1999 అక్టోబరులో రెండు వారాలు తిరక్కుండా రెండొచ్చాయి. మొదటిది మన గోపాల్‌పూర్ దగ్గర, రెండోది 29వ తేదీన పారాదీప్ దగ్గర. 2013 అక్టోబరు 12న ఫైలిన్, అదీ గోపాల్‌పూర్ దగ్గరే. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ. 2021 సెప్టెంబరు 26న గులాబ్. శ్రీకాకుళానికీ గంజాంకీ మధ్య గీత మనం గీసుకున్నదే కానీ గాలికి తెలియదు కదా.

99 నాటి రెండో తుఫానులో దాదాపు 10,000 మంది పోయారు. ఫైలిన్‌కి దాదాపు 10 లక్షల మందిని ముందే కదిలించారు, చావులు పదుల్లో ఆగాయి. అంటే ఏమిటి? మనిషిని బతికించడం ప్రభుత్వానికీ వచ్చింది, ఊళ్లకీ వచ్చింది. మరి బతికినవాడి సంగతి? షెల్టర్ నుంచి ఇంటికెళ్లి చూస్తే కప్పు లేదు, నూతిలో బురద, వలలు లేవు, జీడితోట నేలమట్టం. ఈవేళ మనం మాట్లాడుకునేది ఆ మనిషి గురించి.

మొదటే ఒక మాట చెప్పేస్తాను, కోపం తెచ్చుకోకండి. మొదటి మూడు రోజులు మీరు వెళ్లకండి. ఆ మూడు రోజులూ ఊరివాళ్లవి, పక్క ఊరివాళ్లవి, ఒడిశా విపత్తు సహాయ దళం ఓడ్రాఫ్ వాళ్లవి, కరెంటోళ్లవి. రోడ్డు మీద పడ్డ చెట్లు తీస్తున్నచోట మన కారు వెళ్లి ఆగిందంటే వెనకున్న అంబులెన్సు ఆగిపోతుంది. వెళ్లినవాళ్లకి తిండి ఎవరు పెట్టాలి? నీళ్లెవరివ్వాలి? ఆ కష్టంలో ఉన్న ఇల్లాలే ఇవ్వాలి. మీ పని నాలుగో రోజున మొదలవుతుంది, మూడు నెలలుంటుంది. టీవీ కెమెరాలు వెళ్లిపోయాక.

అయితే ఆ మూడు రోజులూ చేతులు కట్టుక్కూర్చోవాలా? కాదు. ఫోన్లు చెయ్యండి. ఏ ఊరికి ఎవరూ వెళ్లలేదో కనుక్కోండి. మన బళ్లన్నీ తారు రోడ్డు పట్టుకునే పోతాయి. రోడ్డు పక్క ఊరికి నాలుగు బళ్లు ఆగుతాయి, ఆ ఊరి నుంచి లోపలికి మూడు కిలోమీటర్లు నడిస్తే ఉండే ఊరికి ఒక్కటీ పోదు. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గర. గజపతి జిల్లాలో మనుషులు పోయింది కొండల్లో, వానకి చరియలు విరిగిపడి. బరాఘరాలో వానకి తలదాచుకున్నవాళ్ల మీదే కొండ జారింది. వంశధార పొంగి కాశీనగర్, గుణుపురం వైపు ముంచింది. టీవీలో మాత్రం సముద్రం చూపిస్తారు. అందుకని గాలి ఎక్కడ దాటిందో కాదు, వాన ఎక్కడ పడిందో, ఏ నది పొంగిందో అడగండి. బాహుదానా, మహేంద్రతనయా, ఋషికుల్యా? జిల్లా కంట్రోలు రూము 1077, రాష్ట్రానిది 1070. బ్లాకు ఆఫీసులో బీడీఓని గానీ, ఊళ్లో సర్పంచ్‌నీ ఆశా కార్యకర్తనీ గానీ అడిగి, ఏం వచ్చిందో ఏం రాలేదో రాసుకోండి. ఒక్కరి మాట మీద బయల్దేరకండి. ఇద్దరిని అడగండి, రెండోవాళ్లు ఆ సర్పంచ్ మనిషి కాకుండా చూసుకోండి. ఊళ్లో పార్టీలుంటాయి, మనకి తెలియనిదేం కాదు.

ఇక ఏం పట్టుకెళ్లాలి అన్నది. పాత బట్టలు మాత్రం వద్దు. ప్రతి తుఫానుకీ రోడ్డు పక్కన బట్టల గుట్టలు చూస్తూనే ఉన్నాం, తడిసి, కుక్కలు పడుకుని. ఎందుకలా అవుతుంది? సైజులు కలవవు, చిరిగినవి ఉంటాయి, ఒకరు వాడిన లోబట్టలు ఇంకొకరు తొడుక్కోరు. వాటిని ఏరి పంచడానికి పదిమంది రెండు రోజులు పని చెయ్యాలి. బట్టలే ఇవ్వాలనుకుంటే కొత్తవి ఇవ్వండి: లుంగీ, తువ్వాలు, నైటీ, లంగా, పిల్లల చెడ్డీలు, దుప్పటి. జాకెట్లు వద్దు, ఎవరికీ అతకవు. ఆడవాళ్లకి శానిటరీ ప్యాడ్లు అడక్కుండానే పెట్టండి, వాళ్లు మగవాళ్లని అడగరు. కొందరు గుడ్డే వాడతారు, వాళ్లకి మెత్తటి నూలు గుడ్డ, ఒక సబ్బు, ఆరేసుకోవడానికి తాడు. పాత చీరలకి ఒక పని ఉంది, బరకాల దగ్గర చెప్తాను.

వండిన అన్నం పొట్లాలు కూడా వద్దు. పొద్దున ఐదింటికి ఇక్కడ వండి, వేడివేడిగా కవర్లలో కట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకి గజపతి జిల్లాలో మోహన ఊరు దాటి ఇస్తారు. ఆ అన్నం అప్పటికే పులిసిపోతుంది. విరోచనాలు పట్టుకుంటే డాక్టరు లేడు, నీళ్లు లేవు. వంట అక్కడే జరగాలి. ఊళ్లో మహిళా సంఘం ఉంటుంది, వాళ్లకి సరుకు, గిన్నెలు, కట్టెలు ఇచ్చి పక్కకి తప్పుకోండి. వందమందికి ఒక పూటకి బియ్యం 15 కిలోలు, పప్పు 4 కిలోలు, కూరగాయలు 10 కిలోలు, నూనె ఒక లీటరు. డాల్మా చేస్తే కూరా పప్పూ ఒకే గిన్నెలో అయిపోతాయి, కట్టెలు సగం మిగులుతాయి. వంట లేనిచోట అటుకులు, బెల్లం. మన ఒడిశాలో చుడా గుడో ఎందుకు పంచుతారంటే నిప్పు అక్కర్లేదు, గుప్పెడు నీళ్లు చాలు.

ఇంటికిచ్చే మూట సంగతి. ఐదుగురున్న ఇంటికి ఓ వారానికి ఆసరా కావాలంటే బియ్యం 5 కిలోలు, కందిపప్పు ఒక కిలో, అటుకులు 2 కిలోలు, బెల్లం అరకిలో, ఉప్పు కిలో, నూనె అరలీటరు, బంగాళాదుంపలు 2 కిలోలు, పసుపు, కారం, సబ్బులు రెండు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి. కలిపితే 13 కిలోల లోపు. ఎందుకంత లోపే అంటున్నాను? 25 కిలోల బస్తా ముసలమ్మ మోసుకెళ్లలేదు. మొయ్యగలిగినవాడు రెండు బస్తాలు పట్టుకుపోతాడు. వంద ఇళ్లకి 13 క్వింటాళ్లు. ఛోటా హాతీ అనే చిన్న సరుకుల బండిలో 7 క్వింటాళ్లకి మించి వెయ్యకండి, వాన పడ్డ మట్టి రోడ్డు. రెండు ట్రిప్పులు. డీజిలు ఇక్కడే కొట్టించుకోండి, అక్కడ బంకుకి కరెంటుండదు.

సరుకు ఎక్కడ కొనాలి? వీలైనంత అక్కడికి దగ్గర టౌనులో. పర్లాకిమిడిలో దుకాణాలు తెరిచి ఉంటే బరంపురం నుంచి ఎందుకు మొయ్యడం? ఆ దుకాణదారు కూడా తుఫానులో దెబ్బతిన్నవాడే.

చంటిపిల్లల పాలడబ్బాలు ఎవరూ పంచకండి. మంచి మనసుతో చేసే తప్పు ఇది. 1992 నాటి చట్టం ప్రకారం పాలపొడి, పాలసీసాలు ఉచితంగా పంచడం నిషేధం, అనాథాశ్రమాలకి తప్ప. కారణం తేలికే. మురికినీళ్లలో కలిపిన పాలపొడి పిల్లని ఆస్పత్రికి పంపుతుంది. తల్లి పాలివ్వడం మానేస్తే పాలు తగ్గిపోతాయి, డబ్బా అయిపోయాక ఏం చేస్తుంది? తల్లికి తిండి పెట్టండి, పాలివ్వడానికి చాటుగా ఒక మూల చూపించండి. తల్లి లేని పిల్ల ఉంటే అంగన్‌వాడీకి, డాక్టరుకి చెప్పండి. తోడు లేని పిల్లల్ని "మేం పెంచుకుంటాం" అని ఎవరైనా తీసుకుపోతుంటే వెంటనే పిల్లల హెల్ప్‌లైను 1098కి చెప్పండి.

ఇప్పుడు నీళ్లు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

సీసా నీళ్లు పంపుదాం అంటారు. లెక్క చూద్దాం. వంద ఇళ్లంటే 500 మంది. తాగడానికే మనిషికి రోజుకి 3 లీటర్లు. 1,500 సీసాలు. ఒక్క రోజుకి! టన్నున్నర బరువు. మర్నాడు 1,500 ఖాళీ సీసాలు కాలవలో. తాగడం, వంట, కడుక్కోవడం కలిపితే మనిషికి 15 లీటర్లు కావాలని లెక్క. అది సీసాలతో తీరే పనేనా? తీరదు. అందుకే ఊళ్లో ఉన్న నీటినే బాగు చెయ్యాలి.

ఇంటికి క్లోరిన్ బిళ్లలు ఇవ్వొచ్చు. కానీ బిళ్ల చేతిలో పెట్టి వచ్చెయ్యకండి. కొందరు మాత్ర అనుకుని మింగుతారు. బిళ్ల సైజులు వేరువేరు, ఎన్ని లీటర్లకి ఒకటో అట్ట మీద ఉంటుంది, అది ఇంగ్లీషులో ఉంటుంది. 20 లీటర్ల బిళ్ల 10 లీటర్ల బిందెలో వేస్తే వాసనకి పారబోస్తారు. అందుకని బిళ్లతోపాటు 20 లీటర్ల మూతున్న ప్లాస్టిక్ క్యాన్ ఒకటివ్వండి, లెక్క దానంతటదే సరిపోతుంది. నీళ్లు మట్టిగా ఉంటే క్లోరిన్ పని చెయ్యదు, మట్టే దాన్ని తినేస్తుంది. ముందు పటిక తిప్పి, మట్టి దిగాక, నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, అప్పుడు బిళ్ల. అరగంట ఆగాలి. మూత తీసి పోసుకోవాలి, గ్లాసు ముంచకూడదు. ఒక ఇంట్లో చేసి చూపించండి, మిగతా వీధి చూస్తుంది. కొద్దిగా వాసన ఉంటే మంచిదేనని చెప్పండి. కట్టెలుంటే మరగబెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక, బాగా తెర్లాక ఒక నిమిషం.

నుయ్యి. మామూలు రోజుల్లో 1,000 లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ అని లెక్క. నూతిలో ఎన్ని లీటర్లున్నాయో ఎలా తెలుస్తుంది? అడ్డం మీటర్లలో కొలవండి, దాన్ని దాంతోనే గుణించండి, నీటి లోతుతో గుణించండి, 785తో గుణించండి. రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల లోతు ఉంటే రెండురెళ్లు నాలుగు, నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు 785లు 9,420 లీటర్లు. పౌడర్ 24 గ్రాములు. పొడిని అలాగే నూతిలో చల్లకండి. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, ముప్పావు వరకూ నీళ్లు పోసి కలిపి, పదినిమిషాలాగితే అడుగున సున్నం దిగుతుంది. పైన తేటని ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని నూతిలో దించి, తాడుతో పైకీ కిందికీ ఆడించాలి. సున్నం పారబొయ్యాలి. గంట వరకూ ఎవరూ తోడకూడదు. తెరిచిపెట్టిన, తడి తగిలిన పౌడర్‌లో పస ఉండదు, గట్టిగా ఘాటు రావాలి.

కానీ వరద ముంచిన నూతికి ఈ లెక్క చాలదు. ముందు బురదనీళ్లు తోడి, గోడలు కడిగి, తర్వాత ఎక్కువ మోతాదు వెయ్యాలి. ఎంతన్నది క్లోరిన్ కిట్‌తో చూసి ఆరోగ్య కార్యకర్త చెప్పాలి. గంట తర్వాత లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్ ఇంకా మిగిలి ఉండాలని కొలత. ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి, రాసుకోండి. ఒకటి, డీజిలు పంపుని నూతిలోకి దించకండి, నూతి నోటి దగ్గర కూడా పెట్టకండి. ఆ పొగ బయటికి పోక లోపలే ఆగిపోతుంది, అడుగున బురద ఎత్తడానికి దిగినవాడు అలాగే ఒరిగిపోతాడు, వాడిని తియ్యడానికి దిగిన రెండోవాడూ అంతే. రెండు, ఇసక నేలలో నూతిని ఒకేసారి ఎండగట్టకండి. చుట్టూ నేల నీళ్లు తాగి ఉంటుంది, లోపల నీరు పోతే వరలు కుంగుతాయి. సగం తోడి, ఆపి, మళ్లీ తోడండి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పునీరు చేరితే బ్లీచింగ్‌తో ఉప్పు పోదు, గట్టిగా తోడితే ఇంకా ఉప్పొస్తుంది. అక్కడ కొన్నాళ్లు ట్యాంకరే.

విరోచనాలకి ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్లలో, పూర్తిగా. సగం పొట్లం గ్లాసులో కలపకూడదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా. కన్నీళ్లు రాని పిల్ల, మూత్రం రాని పిల్ల ఉంటే ఓఆర్ఎస్ పట్టిస్తూనే 108.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదపకుండా, నడిపించకుండా, విరుగుడు మందున్న ఆస్పత్రికి. నేల మీద పడుకునేవాళ్లకి దోమతెర ఇచ్చి, అంచులు చాప కిందికి దోపించండి. కట్లపాము రాత్రి పక్కలోకే వస్తుంది. షుగరు, బీపీ, టీబీ మందులవాళ్ల పేర్లు మీరు వెళ్లిన మొదటి రోజే రాసుకోండి. మందు ఆగిపోయిందని ఎవరూ తమంతట తాము చెప్పరు. ఫ్రిజ్ లేనిచోట ఇన్సులిన్‌ని తడిగుడ్డ చుట్టిన కుండలో, నీడలో ఉంచొచ్చు. నీళ్లు తగలకుండా సీసాని కవర్లో పెట్టాలి. రక్తదానం అంటారు, బ్లడ్ బ్యాంకు అడిగితే ఇవ్వండి, అడక్కుండా అందరూ ఒకేరోజు ఇస్తే పాడైపోతుంది. శవాల వల్ల అంటురోగాలొస్తాయని హడావిడిగా పూడ్చెయ్యడమూ తప్పే. తుఫాను శవాల వల్ల అంటురోగాలు ప్రబలవు. పోల్చుకోకుండా పూడ్చేస్తే ఆ కుటుంబానికి శవమూ దక్కదు, కాగితమూ దక్కదు. కాగితం సంగతికి వస్తాను.

బరకాలు. టార్పాలిన్ ఇచ్చామని లెక్క రాసుకుంటాం, వారం తర్వాత వెళ్లి చూస్తే చిరిగి వేలాడుతుంటుంది. ఏం తప్పు జరుగుతుంది? మొదటిది, పలచటిది కొంటాం. రెండోది, తాడు ఇవ్వం. మూడోది, వెదురు మొన మీద పరుస్తారు, రెండో గాలికి బొక్క. నాలుగు మీటర్లకి ఆరు మీటర్ల బరకం ఇంటికి కనీసం ఒకటి, రెండైతే మంచిది. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు కావాలంటారు, ఐదుగురికి పదిహేడున్నర. 24 చదరపు మీటర్ల బరకాన్ని వాలుగా కడితే కింద మిగిలేది దాదాపు అంతే. దాంతోపాటు ఇంటికి 30 మీటర్ల నైలాన్ తాడు.

కట్టేటప్పుడు వెదురు కొసలకి పాత చీర చుట్టండి. పాత చీరలకి పని ఉందన్నాను కదా, ఇదే. కంతలు చిరిగిపోయిన చోట బరకం అంచున నున్నటి గులకరాయి పెట్టి, చుట్టూ మెలేసి, ఆ మెడకి తాడు కట్టండి. అది చిరగదు. మేకు తిన్నగా బరకంలోకి కొట్టకూడదు, పైన వెదురు బద్ద వేసి బద్ద మీంచి కొట్టాలి. మధ్యలో నీళ్లు నిలిస్తే బరకం కుంగి కిందపడుతుంది, వాలు బాగా ఉండాలి. చుట్టూ జానెడు కాలవ తవ్వాలి. విరిగి వేలాడుతున్న సరుగుడు కొమ్మల కింద వెయ్యకండి.

చెట్లు కొయ్యడానికి ఉత్సాహపడతారు కుర్రాళ్లు. పడిన చెట్టు వంగిన విల్లులాంటిది, తప్పుడు వైపు కోస్తే ఎగిరి తంతుంది. కరెంటు తీగ తగులుకున్న చెట్టు అసలు ముట్టొద్దు, 1912కి చెప్పండి. జనరేటరు పట్టుకెళ్తే ఇంటి వైరింగుకి కలపకండి. ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోయి, స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. విరిగిన సిమెంటు రేకులు పొడిగా ఊడవకండి, నీళ్లు చల్లి ఎత్తండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది.

పంపకం. బండి మీద నిలబడి విసరడం అన్న పని చెయ్యకండి, దయచేసి. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ వెళ్లి చీటీలివ్వండి. చీటీ ఇంటి ఆడమనిషి పేరున. ఊరు చివర పేట, ఎస్సీ వీధి, చెరువుగట్టు మీద గుడిసెలు, వీటి నుంచి మొదలుపెట్టండి. వంద మూటలు తెచ్చి 140 ఇళ్లుంటే ఏం చేస్తారు? ఆ రోజు పంచకండి. లెక్క తేలాకే బండి దించండి. ముసలివాళ్లకీ నడవలేనివాళ్లకీ ఇంటికి చేర్చండి. ఇక ఫొటోలు. ఇచ్చేవాడి చెయ్యీ పుచ్చుకునేవాడి మొహమూ కలిపి ఒక్కటి కూడా వద్దు. లెక్క కోసం సరుకు ఫొటో, చీటీల ఫొటో చాలు.

మాట్లాడేటప్పుడు "ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు" అనకండి. ఇల్లు పోయినవాడికి అది ఓదార్పు కాదు. ఏం జరిగిందో చెప్పమని గుచ్చిగుచ్చి అడక్కండి. చెప్తే వినండి. మళ్లీ వస్తామని మాట ఇస్తే రావాలి, రాలేమనుకుంటే ఇవ్వకండి. నిద్రలేక, తిండి మానేసి కూర్చున్నవాళ్లుంటే మనసు బాధలకి ప్రభుత్వ ఫోను సాయం టెలి మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇప్పుడు కాగితాల సంగతి. బరంపురం తెలుగువాళ్లు చెయ్యగలిగినట్టు ఇంకెవరూ చెయ్యలేని పని ఇదే. డబ్బు భువనేశ్వర్ నుంచి వస్తుంది, సరుకు ఎక్కడినుంచైనా వస్తుంది. మూడు భాషలు వచ్చిన మనిషి ఎక్కడినుంచి వస్తాడు? గోపాల్‌పూర్ నుంచి కిందికి తీరమంతా చేపలు పట్టే మన నోళియాలు. ఇంట్లో తెలుగు, ఫారం మాత్రం ఒడియాలో. కొండల మీద సవరలు. వాళ్లకి సవర, ఆఫీసులో ఒడియా, శ్రీకాకుళం నుంచి వచ్చిన సాయం బండికి తెలుగు. మధ్యలో నిలబడి చెప్పేవాడు లేక ఎంత పోతుందో!

నష్టం రాసే ఉద్యోగి వచ్చేలోపు ఇల్లు శుభ్రం చేసేసుకుంటారు. అది సహజం. కానీ అంతకుముందే ఫొటోలు తీసి పెట్టాలి. ఇంటికి నాలుగు వైపులా, ఇంటి మనిషి నిలబడి, పక్క ఇల్లో గుడో కనపడేలా. వలలు, పడవ, ఇంజను నంబరు. చచ్చిన గేదెని పశువుల డాక్టరు చూసేదాకా పూడ్చొద్దు, ఆలస్యమైతే కనీసం చెవికున్న నంబరు బిళ్లతో సహా ఫొటో. ఈ పని ఫోనున్న ఏ కుర్రాడైనా చెయ్యగలడు, ఒక్క రోజులో ఊరు ఊరంతా.

2022 నుంచి 2026 వరకూ కేంద్రం పెట్టిన లెక్కలు చెప్తాను, తర్వాత మారితే కొత్తవి కనుక్కోండి. మనిషి పోతే 4 లక్షలు. పూర్తిగా కూలిన ఇంటికి మైదానంలో లక్షా 20 వేలు, కొండ ప్రాంతంలో లక్షా 30 వేలు. పాడిగేదెకి 37,500. పంట 33 శాతం, ఆపైన పోతేనే సాయం. 30 అని రాశారనుకోండి, ఏమీ రాదు. అందుకే పొలంలో లెక్క రాసేటప్పుడు రైతు అక్కడ ఉండాలి, కౌలురైతైతే మరీ. భూమి కాగితం ఇంకొకరి పేరున ఉంటుంది, దున్నినవాడు నోరు విప్పకపోతే పేరు ఎక్కదు. పాము కరిచి పోయినా, నీళ్లలో మునిగిపోయినా, పిడుగు పడి పోయినా ఒడిశాలో సాయం ఉంది. అవి రాష్ట్రం విపత్తులుగా ప్రకటించినవే. కానీ పోస్టుమార్టం కాగితం ఉండాలి. దుఃఖంలో అది ఎవరికి గుర్తుంటుంది? గుర్తు చెయ్యడానికి మీరుండాలి.

పేర్లు. మనవాళ్లకి ఇంటిపేరు ముందు. ఒడియా రికార్డులో వెనక, లేదా అసలుండదు. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, బ్యాంకులో ఒకలా. అప్పలస్వామి ఒడియాలోకి వెళ్లి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎలా మారతాడో మీకు తెలుసు. డబ్బు మంజూరవుతుంది, ఖాతాలో పడదు, తిరిగి వెళ్లిపోతుంది. ఎందుకు పడలేదో ఆయనకి తెలియదు, మనకి పెట్టలేదనుకుంటాడు. ఫారం నింపేటప్పుడు ఆధార్‌లో ఉన్న అక్షరాలే రాయండి. పాసుపుస్తకం చూసి ఖాతా నడుస్తోందా లేదా అడగండి. రెండేళ్లు వాడని ఖాతా నిద్రపోతుంది. నీళ్లలో పోయిన కార్డులకి నకళ్లు తీయించండి. ఇచ్చిన దరఖాస్తుకి తారీఖు, ముద్ర ఉన్న రసీదు తీసుకుని, దాని ఫొటో ఇంటివాళ్ల ఫోన్లోనూ మీ ఫోన్లోనూ ఉంచండి. జాబితా పంచాయతీలో అతికించాక చదివి వినిపించండి. పేరు లేకపోతే అభ్యంతరం చెప్పడానికి గడువు కొద్దిరోజులే ఉంటుంది.

ఇదంతా పదో రోజు నుంచి రెండో నెల దాకా పని. వారానికొకసారి, ఆదివారం, ఇద్దరు వెళ్లినా చాలు. ఒకే ఊరు పట్టుకోండి. ఐదు ఊళ్లు తిరిగితే ఒక్క ఊరి కాగితమూ కదలదు.

డబ్బు పోగుచేసేవాళ్లకి ఒక మాట. క్యూఆర్ కోడ్ బొమ్మలు వాట్సాప్‌లో వస్తాయి, ముఖ్యమంత్రి సహాయనిధి పేరుతో కూడా. నొక్కేముందు ఖాతా పేరు చూడండి, ప్రభుత్వ సైట్లో ఉన్నదాంతో పోల్చండి. మీరే పోగుచేస్తే ఒక మనిషి సొంత ఖాతాలోకి వద్దు, ఇద్దరి సంతకాలుండే ఖాతా. ఎంత వచ్చింది, ఏం కొన్నాం, ఏ ఊరికి ఎన్ని మూటలు అన్నది ఒక కాగితం మీద రాసి, ఇచ్చినవాళ్లకీ పంపండి, ఆ ఊరి పంచాయతీ గోడకీ అతికించండి. మిగిలిన డబ్బు వచ్చే ఏడాదికని దాచకండి. రేకుల కప్పు వేసుకుంటున్నవాళ్లకి హుక్కు బోల్టులు, వాషర్లు కొనివ్వండి. గాలి ముందు పట్టేది చూరునీ మూలల్నీ, అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా పడాలి. డబ్బు చాలక అక్కడే తగ్గిస్తారు.

తలుపు దగ్గర బల్ల మీద కాగితాలున్నాయి. ఒడియా రాయడం, చదవడం వచ్చినవాళ్లు ఒక దాంట్లో, సవర మాట్లాడేవాళ్లు ఒక దాంట్లో, బండి ఉన్నవాళ్లు ఒక దాంట్లో పేరు రాసి వెళ్లండి. ఇక అడగండి. నూతి లెక్క మళ్లీ చెప్పమంటున్నారు ఇక్కడెవరో. అడ్డం ఎంతమ్మా మీ నూతికి?